జింకకి దారి మూసుకుపోయిన రోజే మన గొర్రెకీ మూసుకుపోయింది

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మొన్న టీ అంగడి కాడ పేపరు చదవతా ఒకాయన అన్నాడు: "జింకలు తిరిగేదానికి దారులు వదలాలంట. కయ్య కాడికి పొయ్యేదానికి మనకే డొంక లేదు, ఇంక జింకలకంట!" అందరం నవ్వినాం. నేనూ నవ్వినా. ఇంటికొచ్చినాక అదే మాట బుర్రలో తిరగతా ఉండాది. మన డొంక ఏమైంది? జింకలు మింగినాయా?

కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. 1972 వన్యప్రాణి చట్టంలో ఒకటో షెడ్యూల్లో ఉండాది. పులి ఉన్న షెడ్యూలే. చంపితే జైలు. జంతువుకి ఇంత రక్షణ ఇచ్చి, అది మేసే నేలని మాత్రం గాలికొదిలేశారు. అది దట్టమైన అడవిలో బతికేది కాదు, బయల్లో బతికేది. పొట్టి గడ్డి కావాల, దూరం చూపు ఆనాల, దగ్గర్లో నీళ్ళుండాల. అట్టాంటి నేలకి రెవిన్యూ లెక్కల్లో పేరేంది? బంజరు, పోరంబోకు. అంటే దిక్కులేని నేల అని. దిక్కులేదంటే ఎవడు ఊరుకుంటాడు? ఒకడు దున్నినాడు, ఒకడు గుంట తవ్వినాడు, ఒకడు కంచె కట్టినాడు. మిగిలినదాంట్లో సర్కారు తుమ్మ కంప లేచింది. పచ్చదనం పేరు చెప్పి గడ్డి బీట్లో చెట్లు నాటినా అంతే, జింకకి ఇల్లు పోయినట్టే.

నంద్యాల జిల్లా రోళ్ళపాడు సంగతి చూడండి. బట్టమేక పిట్ట కోసం 1988లో ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేలని అభయారణ్యం చేశారు. గడ్డిని కాపాడితే కృష్ణజింకలు పెరిగినాయి. సంతోషమే. పెరిగిన మంద యాడికి పోవాల? చుట్టూ పైర్లే. పైర్లలో పడినాయి. రైతుకి అభయారణ్యం అంటేనే మంట పుట్టింది. ఆ బట్టమేక పిట్ట కూడా నిలవలా. దారి లేకుండా దొడ్డి కడితే జరిగేది ఇదే.

2025లో మధ్యప్రదేశ్ షాజాపూర్ పక్క ఏం చేశారో తెలుసా? పైర్ల మీద పడే కృష్ణజింకల్ని హెలికాప్టర్‌తో తరిమి, వందల లెక్కన పట్టి, లారీల్లో వేరే అడవులకి తోలినారు. కాళ్ళున్న జంతువుని లారీ ఎక్కించాల్సొచ్చిందంటే, దాని కాళ్ళ కింద దారిని మనం ఎంత మింగేశామో ఆలోచించండి.

ఇప్పుడు మన నెల్లూరు తీరానికొద్దాం. "మన ఊర్లో కృష్ణజింకలు యాడుండాయి, మనకెందుకు?" అంటారు. జింక లేకపోయినా గొర్రె ఉండాది గదా. జోడిపి, పల్ల, దొర అని మన జిల్లా పేరు మీదే దేశమంతా తెలిసిన జాతి. గొర్రె మేసేదీ ఆ గడ్డే, నడిచేదీ ఆ పోరంబోకు మీదే. బకింగ్‌హామ్ కాలవ పక్క పర్రలు, వాగు ఒడ్లు, చెరువు వెనక బీళ్ళు. కోతలైనాక కయ్యలో మంద కట్టిస్తే ఎరువుకి ఎరువు. ఇప్పుడు ఆ మంద రావాలంటే తారు రోడ్డు మీద లారీల మధ్య రావాల్సిందే.

తీరంలో 500 మీటర్ల లోపు రొయ్యల గుంటలు తీసెయ్యమని 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో కొత్త చట్టమొచ్చింది, గుంటలు నిలిచినాయి. పోరంబోకుల ఆక్రమణలు ఖాళీ చేయించమని 2011 జనవరి 28న అదే కోర్టు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది. ఎన్ని ఊళ్ళలో ఖాళీ అయినాయో మీకే తెలుసు.

తప్పంతా పెద్దోళ్ళదే అని నేననను. మా నాయన కాలంలో మా కయ్య పక్కన మేత పోరంబోకు ఉండేది. ఏటా ఒక చాలు చొప్పున కలుపుకున్నాం. నేనూ కలిపినా. ఇప్పుడు నా కయ్యకి ఆనుకొని ఎవరిదో గుంటొచ్చి ఉప్పు ఊరతా ఉంటే ఎవర్ని అడగను? మధ్యలో ఆ బీడు ఉండుంటే కొంతన్నా ఆగేది.

పైగా వానలు మునపట్లా లేవు. ఒక ఏడు చుక్క పడదు, ఒక ఏడు రెండ్రోజుల్లో కుమ్మేస్తది. 2021 నవంబర్లో పెన్నా పొంగి పడుగుపాడు కాడ రైలు కట్టే కొట్టుకుపోయింది. అట్టాంటప్పుడు మేత జంతువు చేసేది ఒకటే, కరువైతే గడ్డున్న చోటికి, వరదైతే మెరకకి నడవడం. దానికి దొడ్డి కాదు, దారి కావాల. జింకకైనా, గొర్రెకైనా, మన బర్రెకైనా.

కాబట్టి నేనడిగేది ఇది. కారిడార్ అని చెప్పి సన్నకారు రైతు పట్టా భూమి మీద గీతలు గీస్తే ఒప్పుకోవద్దు. ముందు మేత పోరంబోకు, డొంకలు, వాగు పోరంబోకు కొలిచి హద్దు రాళ్ళు వేయండి. నాలాంటోడు కలుపుకున్న చాలు కూడా తియ్యండి, నేను అడ్డం రాను. కంప కొట్టి గడ్డి రానివ్వండి.

రెండోది, నష్టం. ఒడిశా గంజాం జిల్లా భేట్నాయ్ పక్క రైతులు కృష్ణజింక వస్తే వాన వస్తదని నమ్మి చేలో మెయ్యనిస్తారు. దణ్ణం పెట్టాల్సిందే. అయితే నమ్మకం పేరు చెప్పి రైతుని కడుపు మాడ్చుకోమనడం న్యాయం కాదు. 2018లో ఫసల్ బీమా నుంచి తీసేసిన వరి మునకని, దాంతోపాటు అడవి జంతువుల నష్టాన్నీ 2026 ఖరీఫ్ నుంచి కలపతామని కేంద్రం ప్రకటించింది. 72 గంటల్లోపు ఫోటోతో యాప్‌లో తెలపాల. ఏ జంతువులో, ఏ ప్రాంతాలో రాష్ట్రం జాబితా ఇవ్వాల. ఆ జాబితాలో కృష్ణజింక ఉండాల. రాష్ట్ర జంతువు అని గొప్ప చెప్పుకునేది ప్రభుత్వం, మేపేది రైతా?

రేపే జింకలొచ్చి మన ఊర్లో మేస్తాయని నేను చెప్పట్లా. గొర్రె నడవలేని ఊర్లోకి జింక రాదని మాత్రం చెప్తా ఉండా. వచ్చే గ్రామసభలో మీ ఊరి మేత పోరంబోకు సర్వే నంబర్లు ఏవో చదివి వినిపించమనండి. చదివినాక అందరూ కలిసి ఒకసారి ఆ నేల మీద నడిచి రండి. ఎంత దూరం నడవగలిగారో చూస్తే, దారి మింగింది ఎవరో మీకే తెలస్తది.