ముందు ఏ అప్పు తీర్చాలి?

జీతం వచ్చిన పది రోజులకే పర్సు తేలికైపోయే ఇళ్ళు మన చుట్టూ ఎన్నో. "ఈ నెల ఎలాగో గట్టెక్కితే చాలు, వచ్చే నెల నుంచి జాగ్రత్త పడదాం" అనుకుంటూనే ఏళ్ళు గడిచిపోతాయి. పొదుపు చేయమని అందరూ చెబుతారు. నిజమే, కానీ అప్పులున్న ఇంట్లో పొదుపు సంగతి వేరండీ. అక్కడ మనం మిగిల్చే ప్రతి వందా ఏ అప్పుకి వెళ్ళాలో కూడా తెలిసుండాలి. అది తెలియకపోతే ఎంత పొదుపు చేసినా చిల్లుకుండలో నీళ్ళే.

అప్పు చేసి పప్పుకూడు తిన్నారని ఎదుటివాళ్ళని అనేయడం తేలిక. చాలా ఇళ్ళల్లో అప్పు పప్పుకూడు కోసం కాదు. ఆస్పత్రి కోసం, పిల్లల ఫీజు కోసం, ఆడపిల్ల పెళ్ళి కోసం. మా ఇంట్లో కూడా అంతే. 2022లో మామగారికి జబ్బు చేసింది. ఆరోగ్యశ్రీలోకి వచ్చింది వచ్చింది, రానిది అప్పయింది. ఏడాది పోరాడి ఆయన వెళ్ళిపోయారు. అప్పు మిగిలింది. ఆ ఖర్చు పెట్టినందుకు ఈ రోజుకీ మాకు విచారం లేదు. కానీ తీర్చాల్సింది మేమే కదా!

అందుకని ఈ వారం తెనాలిలో అద్దె ఇంట్లో ఉంటున్న మా ఇంటి లెక్కే మీ ముందు పెడుతున్నాను. అంకెలు మీ ఇంట్లో వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఎవరికైనా పనికొస్తుంది.

మొదటి పని, అప్పులన్నీ ఒక్క కాగితం మీద రాయడం. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. చాలామంది ఇళ్ళల్లో భర్తకి తెలిసిన అప్పు భార్యకి తెలియదు, భార్య చేసిన చేబదులు భర్తకి తెలియదు. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ కూర్చోండి. ఎవరి వల్ల అయిందన్న మాట ఆ రోజుకి ఎత్తొద్దు. ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత. ఈ మూడే రాయండి. పచారీ కొట్టు ఖాతా, చీరలావిడకి ఇవ్వాల్సిన బాకీ కూడా అప్పే, వాటినీ రాయండి.

2024 జనవరిలో మా కాగితం మీద తేలినవి ఇవి. క్రెడిట్ కార్డు బాకీ 40 వేలు. తెలిసినాయన దగ్గర నోటు రాసి తెచ్చిన లక్ష, వడ్డీ రెండు రూపాయలు. నా నానుతాడు, గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన లక్షా 20 వేలు. మా ఆడపడుచు వడ్డీ లేకుండా ఇచ్చిన 50 వేలు. అంతా కలిపి 3 లక్షల 10 వేలు. మొత్తం చూడగానే గుండె ఝల్లుమంది. అయినా చీకట్లో భయపడేకంటే దీపం పెట్టుకుని చూడటం నయమే.

రెండో పని, వడ్డీలన్నిటినీ ఒకే లెక్కలోకి తేవడం. మనవైపు వడ్డీ అంటే నూటికి నెలకి ఇన్ని రూపాయలని. బ్యాంకు వాళ్ళేమో ఏడాదికి ఇంత శాతం అంటారు. వినడానికి రెండు రూపాయల వడ్డీ చిన్నగా, తొమ్మిది శాతం పెద్దగా కనిపిస్తుంది. ఇక్కడే మోసపోతాం. రూపాయల వడ్డీని పన్నెండుతో హెచ్చించండి. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, మూడు రూపాయలంటే 36. బ్యాంకు శాతాన్ని పన్నెండుతో భాగించండి. 9 శాతమంటే నెలకి నూటికి ముప్పావలా, అంటే 75 పైసలే.

మా బంగారం అప్పు 75 పైసలు. నోటు అప్పు రెండు రూపాయలు. మా కార్డు? నెలకి మూడున్నర రూపాయలు! అంటే ఏడాదికి 42 శాతం. ఆ వడ్డీ మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ. 40 వేలకి నెలకి 1,400 వడ్డీ, 252 పన్ను, కలిపి 1,652 రూపాయలు. బిల్లులో "కనీసం ఇంత కడితే చాలు" అని చిన్న అంకె ఒకటి ఉంటుంది. అది కడితే ఆలస్య రుసుం పడదు, అంతే. మిగతా బాకీ మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కార్డు మీద కొత్తగా కొన్న సరుకుకి కూడా గడువు ఉండదు, కొన్నరోజు నుంచే వడ్డీ.

వాయిదాల మీద వస్తువులు కొనేవాళ్ళు ఇంకో లెక్క చూసుకోవాలి. 12 వేల వస్తువు, ఏడాది వాయిదాలు, "రూపాయి వడ్డీయే అమ్మా" అంటాడు కొట్టువాడు. 1,440 వడ్డీ కలిపి నెలకి 1,120 కట్టమంటాడు. కానీ నెలనెలా మన అసలు తగ్గుతోంది కదా, వడ్డీ మాత్రం మొత్తం 12 వేలకీ చివరిదాకా వేశాడు. సరిగ్గా లెక్కేస్తే అది రూపాయి ముప్పావలా పైనే పడుతుంది. 2024 అక్టోబరు 1 నుంచి కొత్తగా అప్పు ఇచ్చే బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ఖర్చులన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ఒక కాగితం మీద రాసి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. సంతకం పెట్టే ముందు ఆ కాగితం అడిగి తీసుకోండి. అందులో ఏపీఆర్ అని ఉన్న అంకె ఒక్కటి చూస్తే చాలు.

మూడో పని, నెల ఖర్చు. మా వారి జీతం 32 వేలు. నేను జాకెట్లు కుట్టి, చీరలకి ఫాల్స్ వేసి తెచ్చేది తక్కువలో తక్కువ 4 వేలు. మొత్తం 36 వేలు. అద్దె 8 వేలు, బియ్యం పచారీ 6 వేలు, పాలు 2 వేలు, కూరలు పళ్ళు 2 వేలు, గ్యాసు కరెంటు 1,800, అమ్మాయి కాలేజీ ఖర్చు 3 వేలు, పెట్రోలు 1,500, ఫోన్లు 700, అత్తయ్య గారి మందులు 1,500, చదివింపులకి 500. కలిపితే 27 వేలు. మిగిలేది 9 వేలు.

చదివింపులకి విడిగా ఎందుకంటారా? పెళ్ళిళ్ళ ముహూర్తాలు వస్తే ఒక్క నెలలో నాలుగు శుభలేఖలు వస్తాయి. వెళ్ళకుండా ఉండలేం, ఉత్తచేతులతో వెళ్ళలేం. నెలకి 500 డబ్బాలో వేసుకుంటే ఆ నెల ఇంకొకరిని అడగక్కర్లేదు. దగ్గరివాళ్ళకి తప్ప చీరలు పెట్టడం మానేశాను. మొదట్లో ఒకరిద్దరు మూతి తిప్పారు. ఇప్పుడు ఎవరికీ గుర్తు కూడా లేదు.

వంటింట్లో కడుపు మాడ్చుకోమని నేను చెప్పను. అలా చేస్తే మిగిలింది డాక్టరుకి పోతుంది. కందిపప్పు ప్రియమైనప్పుడు వారంలో రెండు రోజులు పెసరపప్పు, ఒక రోజు ఉలవచారు. పప్పు అరగంట ముందు నానబెడితే కుక్కరు త్వరగా దిగుతుంది, గ్యాసు కలిసొస్తుంది. తోటకూర, మునగాకు, గోంగూర చవక, బలమూను. 1999లో మొదలైన రైతుబజార్లు ఇప్పటికీ మనలాంటి వాళ్ళకి పెద్ద ఆసరా. పొద్దున్నే ధరల పలక చూసి, ఆ రోజు ఏది చవకో అదే కూర అనుకోండి. ఏం వండాలో ఇంట్లో నిర్ణయించుకుని వెళితే ఖరీదైన కూరే కొంటాం. టమాటాలు చవకైనప్పుడు ఒరుగులు, పచ్చడి పెట్టుకుంటే ధర మండిపోయే నెలలో నిశ్చింత. కరివేపాకు పొడి, కందిపొడి సీసాల్లో ఉంటే కూర లేని పూట కూడా గడిచిపోతుంది.

ఇక అసలు సంగతి. ఆ 9 వేలు ఎవరికి?

అన్ని అప్పులకీ సమానంగా పంచడం చాలామంది చేసే పని. అలా చేస్తే ఏదీ తీరదు. అన్నిటికీ తప్పనిసరిది కట్టి, మిగిలిందంతా అందరికంటే పెద్ద వడ్డీ మీదికి పంపాలి. మేము నోటుకి 2 వేల వడ్డీ, బంగారానికి 900 వడ్డీ, ఆడపడుచుకి వెయ్యి కట్టాం. మిగిలిన 5,100 నెలనెలా కార్డుకి. కార్డు మాత్రం బీరువాలో పెట్టి తాళం వేశాం. అక్టోబరుకి, అంటే పదో నెలకి, కార్డు బాకీ పూర్తిగా తీరిపోయింది.

ఆ నెల మనసుకి ఎంత హాయో చెప్పలేను. అక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఒక అప్పు తీరగానే ఆ డబ్బు ఇంట్లోకి జారిపోతుంది. దసరాకి చీరలనీ, కొత్త ఫోననీ. దాన్ని జారనివ్వకుండా అదే 5,100 నోటు అప్పు మీదికి మళ్ళించాం. ఆయన పదివేలకి తక్కువైతే అసలులో జమ చేసుకోనన్నారు. సరే, పదివేలు కూడినప్పుడల్లా ఇచ్చాం. అసలు పదివేలు తగ్గితే వడ్డీ 200 తగ్గుతుంది, ఆ 200 కూడా మళ్ళీ అసలుకే. అలా పదకొండు నెలలకి, 2025 సెప్టెంబరుకి, 60 వేలు తీరింది. ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనక జమ రాయించుకుని సంతకం తీసుకున్నాం. ఎంత మంచివారైనా ఈ పని మాత్రం మానకండి. అప్పు పూర్తిగా తీరిన రోజున నోటు తిరిగి చేతికి తీసుకోండి.

వడ్డీ లేని అప్పు చివరిది కదా, ఆడపడుచుకి నెలకి వెయ్యి ఎందుకని మా వారు అడిగారు. లెక్క ప్రకారం ఆయన మాటే సరి. కానీ వడ్డీ లేని అప్పుకి మొహమాటమే వడ్డీ అండీ. పండక్కి వస్తే ఆమె కళ్ళలోకి చూడలేకపోవడం, ఆమె ఏదన్నా అన్నా పడి ఉండాల్సి రావడం, ఇవన్నీ వడ్డీ కిందే లెక్క. నెలకి వెయ్యి వెళుతుంటే ఆవిడకీ నమ్మకం, మాకూ మర్యాద. 21 నెలల్లో 21 వేలు వెళ్ళింది.

ఇంకో మాట. అప్పు తీర్చే తొందరలో ఇల్లంతా ఊడ్చి ఇచ్చేయకండి. చేతిలో కొద్దిగానైనా లేకపోతే రేపు ఒక జ్వరం వస్తే మళ్ళీ అప్పే. నా కుట్టుపనిలో 4 వేలకి పైన వచ్చిందల్లా ఆపద డబ్బు కింద విడిగా ఉంచుతాను. ఇంట్లో ఉంటే నిలవదనుకుంటే పోస్టాఫీసులో నెలకి వంద రూపాయలతో కూడా ఆర్డీ మొదలు పెట్టొచ్చు.

డ్వాక్రా గ్రూపులో ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. బయట రెండు మూడు రూపాయల వడ్డీ అప్పు ఉంటే, గ్రూపు ద్వారా వచ్చే తక్కువ వడ్డీ అప్పుతో దాన్ని తీర్చేసుకోవచ్చు. ఆ డబ్బుతో టీవీ కొని, పాత అప్పుని అలాగే ఉంచితే మాత్రం రెండు అప్పులవుతాయి. మీ కిస్తీ ఆగితే తోటి ఆడవాళ్ళ మీద పడుతుందని మరిచిపోకండి. ఫోనులో అయిదు నిమిషాల్లో అప్పు ఇస్తామనే యాప్‌ల జోలికి మాత్రం అసలు వెళ్ళొద్దు. ఇప్పటికే ఇరుక్కుని, బెదిరింపులు వస్తుంటే సిగ్గుపడి దాచుకోకండి. ఇంట్లో చెప్పండి, 1930 నంబరుకి ఫోను చేయండి. బ్యాంకుల, ఫైనాన్స్ కంపెనీల వసూలు మనుషులు కూడా పొద్దున 8కి ముందు, రాత్రి 7 తరువాత ఫోను చేయకూడదని 2022లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. బాకీ ఉన్నంత మాత్రాన మన మర్యాద తాకట్టు పెట్టినట్టు కాదు.

ఇక బంగారం సంగతి. "అమ్మేస్తే ఒక్క దెబ్బతో తీరిపోతుంది కదా" అని మా వారు అన్నారు, తప్పేం లేదు. నేను లెక్క చూశాను. దాన్ని బ్యాంకులో ఉంచినందుకు ఏడాదికి 10,800 వడ్డీ. నానుతాడు అత్తయ్య గారు పెళ్ళిలో నా మెడలో వేసింది. గాజులు మా అమ్మ పెట్టినవి. ఇంట్లో నాదంటూ ఉన్నది అదొక్కటే. వడ్డీ నెలనెలా కడుతున్నాం కాబట్టి వేలం నోటీసు భయం లేదు. నోటు అప్పు తీరాక ఒక్క ఏడాది చూస్తాను. అప్పటికీ పూర్తిగా విడిపించలేకపోతే గాజులు అమ్మి నానుతాడు తెచ్చుకుంటాను. అమ్మకి ముందే చెప్పాను. "వస్తువు మళ్ళీ చేయించుకోవచ్చు, నిద్ర చేయించుకోలేం" అంది.

2025 సెప్టెంబరు లెక్క ప్రకారం నోటుకి 40 వేలు, బంగారానికి లక్షా 20 వేలు, ఆడపడుచుకి 29 వేలు. మొత్తం లక్షా 89 వేలు. 21 నెలల్లో లక్షా 21 వేలు తగ్గింది. జీతం పెరగలేదు, లాటరీ తగల్లేదు. డబ్బు ఎటు పోవాలో మేము చెప్పాం, అంతే.

మీరూ ఈ ఆదివారం ఆ కాగితం రాయండి. పెద్ద వడ్డీ ఏదో దాని కింద ఎర్ర సిరాతో గీత గీయండి. మొదటి వంద దానికే వెళ్ళాలి. వచ్చే వారం వేసవిలో పెట్టుకునే వడియాలు, ఒరుగుల సంగతి మాట్లాడుకుందాం. ఉంటానండీ.