ఒక్క పాటే చాలు



మా సారు ఆదివారం గిటారు నేర్పుతారు. నెలకు పది పాటలు నేర్పమని అందరూ అడుగుతారు. నాకైతే ఒక్క పాట సరిగ్గా వస్తే చాలు.

ఆ పాట ‘ది థ్రిల్ ఈజ్ గాన్’. 1951లో రాయ్ హాకిన్స్ పాడాడు. 1969లో బి.బి. కింగ్ రికార్డు చేశాక బాగా పేరొచ్చింది. కింగ్ గారు 1925లో అమెరికాలోని మిసిసిపీలో పుట్టారు. చిన్నప్పుడు పత్తి ఏరారు. మా అమ్మ కూడా పత్తి ఏరుతుంది. ఇదివరకు క్లాసులో ఈ మాట చెప్పాలంటే సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు గోడ మీదే రాస్తున్నా.

ఈ పాటలో తొందర లేదు. ఆయన ఒక వరస పాడి ఆగుతారు. అప్పుడు గిటారు జవాబు చెప్తుంది. తీగను వేలితో పక్కకు నెడితే స్వరం పైకి లేస్తుంది. అక్కడే వేలు వణికిస్తే మనిషి ఏడ్చినట్టే ఉంటుంది.

మూడు వారాలైంది, ఆ ఒక్క స్వరం నాకింకా రాలేదు. వేళ్లు కాయలు కాశాయి. “ఇంకా అదేనా?” అని నవ్వుతున్నారు. నవ్వనీండి. పది పాటలు గబగబా వాయిస్తే చేతులే నేర్చుకుంటాయి. ఒక్క స్వరం దగ్గర ఆగితే చెవి కూడా నేర్చుకుంటుంది.

మీరేమంటారు? కింద ఖాళీ వదిలాను, రాయండి.

— 9వ తరగతి అమ్మాయి