లిస్టే అబద్ధమైతే ఎవర్ని నమ్మాలి?



మేము ఫార్మింగ్టన్ హిల్స్‌లో బిల్డింగ్ పనోళ్లం. మా చదువు పదో తరగతి దగ్గరే ఆగింది. అయినా ఈరోజు ఒక యూనివర్సిటీ గురించి రాస్తున్నాం.

మా ఊళ్లో నార్త్‌వెస్టర్న్ హైవే మీద ఒక ఆఫీసు బిల్డింగులో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ నడిచింది. పంతుళ్లు లేరు, క్లాసులు లేవు. నడిపింది ఇమిగ్రేషన్ పోలీసులే, కాలేజీ వాళ్ల వేషంలో. 2019 జనవరి ఆఖర్లో గుట్టు బయటపడింది. సుమారు 600 మంది చేరారు, అందులో ఎక్కువ మన తెలుగు పిల్లలే. ఏడాదిలోపే 250 మంది దాకా అరెస్టయ్యారు. చాలామంది ఇంటిదారి పట్టారు.

మరి మనవాళ్ల తప్పు లేదా అంటారు. ఉంది. డబ్బులకు ఆశపడి పిల్లల్ని చేర్పించిన ఎనిమిది మందీ మనవాళ్లే, కోర్టులో తప్పు ఒప్పుకున్నారు. క్లాసులు లేవని తెలిసీ వీసా కోసం ఫీజు కట్టినోళ్లూ ఉండొచ్చు. కానీ ఆ కాలేజీ గవర్నమెంటు సొంత లిస్టులోనే ఉంది కదా! ఏజెంటు మాట నమ్మకు, లిస్టు చూసుకో అని మనమే చెప్తాం. ఆ లిస్టే అబద్ధమైతే ఇంకెవర్ని అడగాలి?

దొంగ మీద కన్నేసి ఉంచడం పోలీసు పని. దొంగతనానికి తలుపు తెరిచి, ఫీజు కూడా తీసుకోవడం ఏం పని?

దీని దెబ్బ ఆ పిల్లలతో ఆగలేదు. మా సైట్‌లో ఒక తమ్ముడికి రెండు వారాల ఓవర్‌టైం ఎగ్గొట్టారు. కంప్లైంట్ పెడదాం రా అంటే, "వద్దన్నా, ఆ ఆఫీసులో కూర్చున్నోడు నిజంగా ఎవడో" అన్నాడు. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసాకి వచ్చేవాళ్లు ఫేస్‌బుక్కూ, ఇన్‌స్టా అందరికీ కనపడేలా పెట్టాలన్నారు. అప్పట్నుంచి మా గ్రూపులో సగంమంది పండగ ఫోటోలు తప్ప ఏమీ పెట్టట్లేదు. నోరు మూయమని ఎవరూ అనలేదు. మనమే మూసుకున్నాం. నోరు మూసుకున్న చోట ఓటున్నా, చట్టమున్నా ఏం లాభం?

కానీ ఒకటి చూడండి. ఫార్మింగ్టన్‌లో ఫీజు కట్టిన ఒక విద్యార్థి గవర్నమెంటు మీదే కేసు వేశాడు. కింది కోర్టు కొట్టేసింది. 2024 జూన్‌లో అప్పీలు కోర్టు మాత్రం, ఆ కేసు వినాల్సిందే అంది. అడిగాడు కాబట్టే అంతదాకా వచ్చింది.

అందుకని చెప్తున్నాం: జీతం చీటీలు, కట్టిన రసీదులు దాచుకోండి. అనుమానముంటే ఏజెంటుని కాదు, లాయర్ని అడగండి. అబద్ధం కాగితం మీద సంతకం పెట్టకండి. హక్కున్న చోట మాత్రం వెనక్కి తగ్గకండి.

ఆ తమ్ముడు చివరికి ఒప్పుకున్నాడు. సోమవారం కంప్లైంట్ ఇస్తున్నాం. వాడితో పాటు మేమూ వెళ్తున్నాం.