లెక్క చూపని పేదరికం

ఎవరికీ సొంత ఆస్తి వుండరాదని అమెరికాలో జిమ్ జోన్స్ అనే మతగురువు బోధించాడు. అది నమ్మి ‘పీపుల్స్ టెంపుల్’ అనుచరులు ఇళ్ళు, జీతాలు అప్పగించి, అతని వెంట దక్షిణ అమెరికాలోని గయానా అడవికి తరలిపోయారు.

అక్కడి తిండి సంగతి 1978లో తప్పించుకు వచ్చిన ఒక అనుచరురాలు ప్రమాణ పత్రంలో రాసింది. పొద్దున అన్నం, మధ్యాహ్నం గంజి, రాత్రికి అన్నం, చిక్కుడు గింజలు. ఆదివారం ఒక గుడ్డు. గురువుగారికి మాత్రం రక్తంలో చక్కెర జబ్బు వంకతో వేరే భోజనం, తరచు మాంసం, సొంతానికి నిండు ఫ్రిజ్. ముసలివారి పింఛను చెక్కులు సైతం సంస్థ ఖాతాకే!

ఆ ఏడాది నవంబరు 18న జోన్స్ ఆజ్ఞతో జరిగిన విషప్రయోగంలో 900 మందికి పైగా మరణించారు. వారిలో సుమారు 300 మంది పిల్లలు. విదేశీ బ్యాంకులలో 70 లక్షల డాలర్లకు పైగా మూలుగుతున్న సంగతి ఆ తర్వాతే లోకానికి తెలిసింది.

మన పల్లెలో రామాలయం హుండీ విప్పితే నలుగురి ఎదుట లెక్కిస్తారు. తేడా వస్తే రచ్చబండ దగ్గర నిలదీస్తారు. అడిగినవాణ్ణి ఎవరూ దైవద్రోహి అనరు. ఊళ్ళోకి కొత్తగా వచ్చి, తమకేమీ అక్కరలేదంటూనే పొలాలు రాయించుకోజూసేవారిని, వారు ఏ మతం వారైనా సరే, జమాఖర్చుల పుస్తకం చూపమని గ్రామస్థులు కాగితం మీద వేలిముద్ర వేయకముందే అడగాలి.