200 మెగాపిక్సెల్ సరే... మూలల సంగతేంటి?

పోయిన నెల మా నాన్న ఊరి నుంచి పట్టాదారు పాస్ పుస్తకం ఫొటో తీసి పంపారు. వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమని నేనే చెప్పాను కాబట్టి కంప్రెషన్ మీద నెపం వేయడానికి లేదు. పేజీ మధ్యలో పేరు, ఖాతా నంబర్ అద్దంలా ఉన్నాయి. అంచున ఉన్న సర్వే నంబర్ల దగ్గరికి వచ్చేసరికి అది 3నా, 8నా అర్థం కాలేదు. ఆ ఫోన్ కొనిచ్చింది నేనే. పది రివ్యూలు చదివి, కెమెరా స్కోర్ చూసి మరీ కొన్నాను.

తప్పు ఫోన్‌ది మాత్రమే కాదు, మనం కెమెరాని కొలిచే పద్ధతిది కూడా అని నా అభిప్రాయం.

కెమెరా అనేది టూ-డైమెన్షనల్ సిస్టమ్. మైక్ నుంచి వచ్చే సిగ్నల్ టైమ్ వెంట ఒకే లైన్‌లో నడుస్తుంది. ఫొటో అలా కాదు, దానికి అడ్డం ఉంది, నిలువు ఉంది. మధ్యలో ఒకలా, మూలలో ఒకలా పనిచేస్తుంది. అడ్డగీతల్ని ఒకలా, వాలుగీతల్ని ఇంకోలా చూపిస్తుంది. అలాంటి దానికి ఒక్క నంబర్ ఇచ్చి "ఇదే పర్ఫార్మెన్స్" అనడం, ఊరంతటికీ ఒకే డోర్ నంబర్ ఇచ్చినట్టే.

ముందు మెగాపిక్సెల్ లెక్క చూద్దాం. 50 నుంచి 200కి వెళ్తే 4 రెట్లు అనుకుంటాం. కానీ మెగాపిక్సెల్ అనేది వైశాల్యం లెక్క. పొడవులో 2 రెట్లు, వెడల్పులో 2 రెట్లు కలిస్తే 4 అయింది. ఒక అక్షరాన్ని చదవడానికి పనికొచ్చేది ఒక దిశలో ఎన్ని పిక్సెల్స్ పడ్డాయన్నదే. అంటే కాగితం మీద కూడా లాభం 2 రెట్లే.

ఆ 2 రెట్లయినా వస్తాయా? ఇక్కడ ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన డిఫ్రాక్షన్, తెలుగు మీడియం వాళ్లకైతే వివర్తనం, అడ్డొస్తుంది. లెన్స్ ఎంత పర్ఫెక్ట్‌గా ఉన్నా ఒక వెలుగు చుక్క సెన్సర్ మీద చుక్కలా పడదు, చిన్న బిళ్లలా పడుతుంది. ఆ బిళ్ల వ్యాసం 2.44 × తరంగదైర్ఘ్యం × ఎఫ్-నంబర్. 2023లో వచ్చిన గెలాక్సీ ఎస్23 అల్ట్రా తీసుకోండి. మెయిన్ కెమెరా 200 మెగాపిక్సెల్, ఎఫ్/1.7, పిక్సెల్ సైజు 0.6 మైక్రాన్లు. ఆకుపచ్చ కాంతికి 0.55 మైక్రాన్లు వేసుకుంటే బిళ్ల దాదాపు 2.3 మైక్రాన్లు వస్తుంది. అంటే ఒక్క చుక్క దాదాపు 4 పిక్సెల్స్ వెడల్పున పరుచుకుంటుంది. ఆ ఫోన్ మామూలుగా 16 పిక్సెల్స్‌ని ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెల్ ఫొటో ఇస్తుంది. అప్పుడు పిక్సెల్ సైజు 2.4 మైక్రాన్లు. బిళ్ల సైజుకి ఎంత దగ్గరగా ఉందో చూశారా! 200 మెగాపిక్సెల్ పూర్తిగా దండగ అనను. మంచి ఎండలో క్రాప్ చేస్తే కొంత డీటెయిల్ అదనంగా దొరుకుతుంది. కానీ పోస్టర్ మీద రాసినంత కాదు.

మరి సరిగ్గా కొలిచేదెలా? ఇంజినీర్ల దగ్గర ఎంటీఎఫ్ ఉంది, అంటే మాడ్యులేషన్ ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్. నలుపు-తెలుపు గీతల్ని సన్నం చేసుకుంటూ పోతే, ఎక్కడిదాకా కెమెరా ఆ తేడాని నిలబెడుతుందో ఇది చెబుతుంది. కాంట్రాస్ట్ సగానికి పడిపోయే చోటుని ఎంటీఎఫ్50 అంటారు. కాస్త వాలుగా పెట్టిన అంచుని ఫొటో తీసి దీన్ని లెక్కగట్టే పద్ధతి ఐఎస్‌ఓ 12233 స్టాండర్డ్‌లో ఉంది.

ఇందులోనూ ఒక మోసం ఉంది. ఫోన్ సాఫ్ట్‌వేర్ అంచుల్ని బలవంతంగా షార్ప్ చేస్తే ఎంటీఎఫ్ నంబర్ పెరిగిపోతుంది, కొన్నిసార్లు 1 కూడా దాటుతుంది. కానీ గడ్డి, జుట్టు, చీర నేత మాత్రం నాయిస్ రిడక్షన్‌లో పేస్ట్‌లా అయిపోతాయి. అందుకే అంచుతో పాటు టెక్స్చర్‌ని కూడా విడిగా కొలవాలి. దానికి రకరకాల సైజుల బిళ్లలు ఒకదానిమీద ఒకటి పడినట్టుండే "డెడ్ లీవ్స్" చార్ట్ వాడతారు.

నా వాదన సింపుల్. మన సైట్‌తో సహా ప్రతి రివ్యూలో కెమెరాకి కనీసం రెండు నంబర్లు ఉండాలి: మధ్యలో ఎంత, అన్నిటికంటే చెత్త మూలలో ఎంత. సగటు వద్దు. నాలుగు మూలల్లో ఒకటి దెబ్బతిన్నా సగటు దాన్ని దాచేస్తుంది. "చదివేవాళ్లకి ఒక్క స్కోర్ చాలు, ఎక్కువ నంబర్లు చూస్తే పారిపోతారు" అంటారేమో. ప్రాసెసర్‌కి సింగిల్ కోర్, మల్టీ కోర్ అని రెండు స్కోర్లు చూసి అలవాటు పడ్డవాళ్లమే కదా, కెమెరాకి చూడలేమా?

అప్పటిదాకా మీరే టెస్ట్ చేసుకోండి. ఒక న్యూస్ పేపర్‌ని ముడతలు లేకుండా గోడకి అతికించండి. పగటి వెలుతురులో ఫోన్‌ని గోడకి సమాంతరంగా దేనికైనా ఆనించి, టైమర్ పెట్టి, పేపర్ ఫ్రేమ్ నిండేలా ఐదు ఫొటోలు తీయండి. 100 శాతం జూమ్‌లో మధ్యలో, నాలుగు మూలల్లో చిన్న అక్షరాలు చదవండి. నాలుగు మూలలూ ఒకేలా కాస్త మెత్తగా ఉంటే అది లెన్స్ డిజైన్. ఐదు ఫొటోల్లోనూ ఒకే మూల మరీ మసకగా ఉంటే, ఫోన్ కాస్త వాలిందేమో సరిచేసి మళ్లీ తీయండి. అప్పటికీ అదే మూల అలాగే ఉంటే మీ పీస్‌లో లెన్స్ సరిగ్గా కూర్చోలేదని అనుమానించొచ్చు. రిటర్న్ గడువు ఉండగానే ఈ పని చేయండి.

నాన్నకి ఫోన్ చేసి, ఒక అడుగు వెనక్కి జరిగి పేజీ ఫ్రేమ్ మధ్యలో ఉండేలా తీయమన్నాను. చుట్టూ సగం ఫొటో టేబులే వచ్చింది. కానీ నంబర్ క్లియర్‌గా కనబడింది. 8.