దుర్గమ్మ ఉంగరాల జుట్టు, పెరటి కలబంద

భాద్రపదం వచ్చిందంటే ఉత్తర కోల్‌కతాలోని కుమార్‌టులి సందుల్లో పక్కకి ఒదిగితే గానీ నడవలేం. రెండు వైపులా గడ్డి, గంగమట్టి, ఆరుతున్న ప్రతిమలు. రంగులయ్యాక అమ్మవారికి జుట్టు పెడతారు. జనపనారకు నల్లరంగు వేసి, ఆరబెట్టి, మెలికలు తిప్పి భుజాల మీదుగా వదులుతారు. పాత పద్ధతి ప్రతిమల్లో ఆ జుట్టు ఒత్తుగా, వంకీలు తిరిగి ఉంటుంది. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన ఈ దుర్గాపూజ పండగలో ఊరు ఊరంతా చేతులు జోడించేది ఆ జుట్టున్న తల్లికే. అదే పండగకి వారం ముందు అదే ఊళ్లో ఆడపిల్లలు తమ ఉంగరాల జుట్టును ఇస్త్రీ చేసినట్టు సాపు చేయించుకోవడానికి పార్లర్లకు వెళ్తారు. నాకిది నిజంగా బాధ కలిగిస్తుంది.

మా అక్క కూతురు ఇక్కడే చదువుకుంటోంది. “పిన్నీ, పూజకి కెరాటిన్ చేయించుకుంటా. ఈ పీచు జుట్టుతో పందిళ్లు తిరగలేను” అంది మొన్న. ఆ పిల్లకి ఆ చిన్నతనం ఇంట్లోవాళ్ల వల్లే వచ్చింది. బిరుసు జుట్టున్న పిల్లని పట్టుకుని, వచ్చిపోయే చుట్టాలందరి ముందూ “దీని జుట్టు లొంగదమ్మా” అంటూ నూనె ముంచి జడ బిగించేది మనమే కదా.

లొంగకపోవడానికి కారణం ఉంది. మాడు మీద ఊరే నూనె తిన్నని వెంట్రుక మీదుగా చివరిదాకా జారుతుంది. మెలికలున్న వెంట్రుక మీద ఆ వంపుల దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఇలాంటి జుట్టుకి కుదుళ్లు జిడ్డుగా, కొసలు ఎండుగా ఉంటాయి. దానికి తోడు కోల్‌కతా గాలి. వానాకాలమంతా ఆరేసిన బట్ట ఆరదు. ఆ తేమని ఎండు వెంట్రుక పీల్చుకుని ఉబ్బుతుంది. ఒక్కో పోగూ ఒక్కో వైపు లేస్తుంది. ఇది రోగం కాదు, మందులతో మాన్పాల్సిన పని లేదు. వెంట్రుకకి కావలసిన తడి ముందే మనం ఇచ్చి, దాని మీద పల్చటి పొర నిలిపితే చాలు.

ఆ పనికి కలబంద బాగా పనికొస్తుంది. మన వైపు దిష్టికని గుమ్మానికి తలకిందులుగా కట్టినా నెలల తరబడి పచ్చగా ఉండే మొక్క అది. ఆకు రంధ్రాలను పగలు మూసుకుని రాత్రి తెరుస్తుంది కాబట్టి నీళ్లు పోగొట్టుకోదు. లోపలి గుజ్జులో దాదాపు 99 శాతం నీరే. మిగిలిన కాస్తలో జిగురునిచ్చే పిండిపదార్థాలుంటాయి. తడి జుట్టుకి పట్టిస్తే నీరు మెల్లగా ఆరిపోయి, ఆ జిగురు పల్చటి పొరగా మిగిలి వంకీని పట్టి ఉంచుతుంది. పైగా గుజ్జు కొద్దిగా పుల్లన, కాబట్టి సబ్బు లాగా వెంట్రుక పైపొరని రేపదు.

బెంగాలీలు దీన్ని ఘృతకుమారి అంటారు. ఆదివారం గాలిఫ్ స్ట్రీట్ సంతకి వెళ్తే కుండీతో సహా దొరుకుతుంది. అడుగున ఉన్న ముదురాకును మొదలంటా కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా గ్లాసులో పావుగంట నిలబెట్టండి. పసుపుపచ్చని చేదు పాలు కారతాయి. అందులోని అలోయిన్ కొందరికి దురద పెడుతుంది, ఈ ఒక్క పనిలో తొందర వద్దు. పాలు కారాక ఆకు కడిగి, ముళ్ల అంచులు తీసి, పైతోలు చెక్కి, గుజ్జును ఇంకోసారి కడిగి, మిక్సీలో తిప్పి పల్చటి గుడ్డలో వడకట్టాలి. వడకట్టకుండా రాస్తే ఆరాక చుండ్రులా తెల్లగా రాలుతుంది. ముందు రోజు మోచేతి లోపల కాస్త రాసి చూసుకోవడం మంచిది.

కుంకుడుకాయతో తలంటుకున్నాక, జుట్టులోంచి నీళ్లు ఇంకా కారుతుండగానే, వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీసి, చెవుల కింది భాగానికి గుజ్జు పట్టించండి. దాని మీద నాలుగు చుక్కల కొబ్బరినూనె. వెంట్రుక లోపలికి ఇంకి మాంసకృత్తులు పోకుండా ఆపే గుణం కొబ్బరినూనెకి ఉందని 2003లో రెలే, మొహిలే ప్రచురించిన పరిశోధన చూపింది. టవలుతో రుద్దకండి, పాత నూలు పంచెతో అద్దండి. చాలామంది ఇందులో గ్లిజరిన్, తేనె కలుపుతారు. కోల్‌కతా వానల్లో అది వద్దు, గాలిలో తేమని ఇంకా లాగి జుట్టును ఉబ్బిస్తుంది. డిసెంబరు పొడిగాలికి మాత్రం నూనె కాస్త పెంచాలి. మిగిలిన గుజ్జు ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచకూడదు.

కలబంద రాస్తే బట్టతల మీద జుట్టు మొలుస్తుందని అమ్మేవాళ్ల మాట నమ్మకండి. మాడు మీద పొలుసులు, దురద ఉన్న 44 మందిపై చేసిన పరీక్షలో కలబంద మందు మేలు చేసినట్టు 1999లో తేలింది, అంతే. జుట్టు సరుకుకి కథలల్లడం ఈ ఊరికి కొత్త కాదు. సి.కె. సేన్ కంపెనీ వారి జవాకుసుమ్ తలనూనె 1878 నాటిది. కుంతలీన్ నూనె తయారుచేసిన హేమేంద్రమోహన్ బోస్ 1896లో కథల పోటీ పెడితే, సముద్రంలో తుపానును తలనూనె సీసా శాంతింపజేసినట్టు రాసి బహుమతి కొట్టింది సాక్షాత్తూ జగదీశ్ చంద్రబోస్. ఆ కథ సరదాగా చదువుకోవడానికి బావుంటుంది. ఇప్పటి సీసాల మీది పచ్చాకు బొమ్మని మాత్రం కొనేముందు వెనక్కి తిప్పి చదవాలి. ఎక్కువ పాళ్లలో ఉన్నది జాబితాలో ముందొస్తుంది. కలబంద అడుగున ఎక్కడో ఉంటే ఆ బొమ్మకి డబ్బిస్తున్నట్టే.

పార్లర్ సంగతి కూడా పిల్లకి చెప్పాను. జుట్టు సాపు చేసే మందుల్లో కొన్నిటిలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. వేడి ఇస్త్రీ తగలగానే ఆవిరై కళ్లలోకి, ఊపిరిలోకి వెళ్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లోనే దాన్ని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థాల్లో చేర్చింది. చేయించుకునే అమ్మాయి ఏడాదికి ఒకటి రెండుసార్లు పీలుస్తుంది. ఆ కుర్చీ వెనక నిలబడి పొద్దస్తమానం పనిచేసే అమ్మాయి రోజూ పీలుస్తుంది. వెళ్లి తీరతామంటే, రాసే ముందు ఆ డబ్బా చేతికి తీసుకుని ఏముందో చదవండి. చూపించమంటే చూపించని చోట తల అప్పగించకండి. మహాలయ అమావాస్య లోపల రెండు మూడు తలంట్లకైనా వ్యవధి ఉంటుంది కాబట్టి, ముందు కలబంద పెట్టి మీ జుట్టు ఆరాక ఎలా తిరుగుతుందో చూసుకోండి.