ఆటకై వేసిన రైలుదారి

పిల్లవాడు అగ్గిపెట్టెలను దారముతో వరుసగా కట్టి రైలు నడుపుచుండగా, "పాఠము మాని ఈ ఆటలేమి?" యని గద్దించుట మన యిండ్లలో పరిపాటి. పెద్దవాడే ఆ పని చేసినచో లోకము నవ్వును. ఈ గద్దింపును, ఆ నవ్వును రెండును తొందరపాటే యని మా అభిప్రాయము. అందుకు న్యూజీలాండు దేశపు కుమ్మరి యొకని వృత్తాంతమును పాఠకుల ముందుంచుచున్నాము.

ఆ దేశపు ఉత్తర ద్వీపమున కోరమాండల్ అను చిన్న ఊరు కలదు. మన తూర్పుతీరపు పేరుగల ఓడ యొకటి 1820లో అచట లంగరు దించుటచే ఆ ప్రాంతమున కా పేరు నిలిచినది. అచట బారీ బ్రికెల్ (1935–2016) 1973లో కొండవాలున చిట్టడవి భూమి కొని, ఆవము పెట్టి, కుండలు చేయసాగెను. కొండపైని బంకమన్నును, ఆవమునకు కావలసిన దేవదారు కట్టెలను దించుటకు 1975లో రైలుదారి మొదలిడెను. పట్టాల నడుమ దూరము 15 అంగుళములు మాత్రమే!

మన్ను మోయుటకే యైనచో ఒక బండిబాట చాలదా? చాలును. కావుననే ఆ రైలు అవసరముకన్న ముచ్చటకే పుట్టినదని మే మనుకొందుము. అందు తప్పేమియు లేదు. పర్లాకిమిడి రాజావారు 1900లో నౌపడానుండి తమ ఊరికి చిన్నరైలు నడిపించిరన్న, వారిది రాజ్యము. ఈయన కుమ్మరి.

కొండ నిటారుగా నున్నచోట ఇనుపచక్రము ఇనుపపట్టాపై జారును. అందుచే దారిని ఏటవాలుగా ఎక్కించి, చోటు చాలని తావున ఆపి, అచటినుండి మరియొక దారిని వెనుకవైపుగా పైకి మరల్చెను. బండి కొసవరకు పోయి ఆగును. పట్టాలు మార్చగనే వెనుకకు నడచుచు పైమెట్టు చేరును. ఇట్టి మరలింపులు 5. సొరంగములు 3. రెండంతస్తుల వంతెన యొకటి. మన్ను జారకుండ ఇటుకలతోను, ఖాళీసీసాలతోను గోడలు! 1990లో ప్రజలను ఎక్కించుకొనసాగిన ఆ బండి, శిఖరమునందలి మంటపము పూర్తియగునప్పటికి 2004. దాదాపు మూడు దశాబ్దములు.

అడవిని గాయపరచి ఆడిన ఆట కాదా యని అడుగవచ్చును. ఆ కొండలందలి మహావృక్షములగు కౌరీలను కలపవర్తకులు పూర్వమే నరికివేసిరి. బ్రికెల్ పట్టాల ప్రక్కన వేలకొలది దేశవాళీ మొక్కలు నాటించెను. సన్నని దారి గనుక కొండను తక్కువగా త్రవ్వవలసివచ్చెను. పెద్దరైలే యైనచో మే మీ మాట అనకపోదుము.

"మా పిల్లలకు మూడు భాషల చదువు, ఆటలకు తీరిక యెక్కడ?" అని తలిదండ్రు లనుచున్నారు. ఆ భారము మే మెరుగుదుము. కాని బాడిస, ఉలి, చిత్రిక, బిరడా అను మాటలు మా తెలుగు వాచకములం దెన్ని యున్నవి? చేతితో పట్టనివాని నోట అవి నిలువవు. ఈ రాష్ట్రభాషలో వాటి పేర్లు బజారున నేర్చుకొందురు. తెలుగుపేర్లు చెప్పగల వడ్రంగి తాతలు మన వీథులలో ఇంకను కొందరున్నారు. వచ్చు వేసవిలో ఒక్క నెల పిల్లలను వారి కొట్టములకు పంపుడు. పాఠశాల వెనుకనున్న పాతగది నొకదానిని పనిముట్లకై విడువుమని యాజమాన్యమును మేము కోరుచున్నాము.